పాత అధికార నివాసం: కాపాడాలా, పెంచాలా? ఎంచుకునే ముందు చూడాల్సినవి

2025 అక్టోబరు 20న వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ తూర్పు విభాగం మీదికి పొక్లెయిన్లు వచ్చాయి. వారం తిరక్కముందే ఈస్ట్ వింగ్ మొత్తం నేలమట్టమైంది. ఆ చోట 90,000 చదరపు అడుగుల విందు మందిరం కడతామని అధ్యక్షుడు ట్రంప్ జులై చివర్లోనే ప్రకటించారు. కొత్త కట్టడం పాతదాన్ని తాకదని కూడా అప్పుడే చెప్పారు. కూల్చివేత ఫొటోలు బయటికి రాగానే జనం రెండుగా చీలిపోయారు. చరిత్రను మట్టిలో కలిపేశారని కొందరు, ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్లు ఆ ఇంటిని పెంచుకుంటూనే వచ్చారు కదా అని ఇంకొందరు.

రెండు వాదనల్లోనూ సగం సగమే నిజం ఉందని నా అభిప్రాయం. కాపాడాలా, పెంచాలా అని అడిగితే రెండే దారులున్నట్టు వినిపిస్తుంది. పాలకుల పాత ఇళ్ల విషయంలో వేర్వేరు దేశాలు చేసినవి చూస్తే కనీసం ఐదు దారులు కనబడతాయి. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు, ఒక్కో నష్టం ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. వైట్‌హౌస్‌నే ముఖ్య ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ ఐదింటిలో చాలావరకు ఆ ఒక్క ఇంటి మీదే ప్రయోగించారు. మన దగ్గర కూడా పాత కలెక్టర్ బంగళాలు, ఒకప్పుడు బ్రిటిష్ ప్రతినిధులుండిన రెసిడెన్సీలు, గెస్ట్‌హౌస్‌ల గురించి ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క మనకూ పనికొస్తుంది.

ముందు ఏది పాతదో తేల్చుకోండి

వైట్‌హౌస్‌కి 1792 అక్టోబరులో పునాదిరాయి పడింది. నమూనా గీసింది ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ హోబన్. 1800 నవంబరులో జాన్ ఆడమ్స్ అందులో దిగేనాటికి లోపలి పనులు ఇంకా పూర్తికాలేదు. 1814లో బ్రిటిష్ సైన్యం తగలబెడితే రాతిగోడలు మిగిలాయి. మళ్లీ హోబన్‌నే పిలిపించి కట్టించారు. దక్షిణం వైపు గుండ్రటి మంటపం 1824లో, ఉత్తరం వైపు స్తంభాల మంటపం ఆ తర్వాత అయిదారేళ్లకు వచ్చాయి. వెస్ట్ వింగ్ 1902 నాటిది. అధ్యక్షుడు కూర్చునే ఓవల్ ఆఫీసు 1909లో పుట్టి, 1934లో ఇప్పుడున్న మూలకు మారింది. ఈస్ట్ వింగ్ మనం చూసిన రూపానికి వచ్చింది 1942లో, యుద్ధ సమయంలో, కింద బంకరుతో సహా.

అంటే ఒక్క ఫొటోలో కనిపించే వైట్‌హౌస్‌లో కనీసం ఆరేడు కాలాలున్నాయి. ఇంకో సంగతి. ముఖ్య భవనం లోపలి భాగం 1949 నుంచి 1952 వరకు పూర్తిగా తీసేసి ఉక్కు చట్రంతో కొత్తగా కట్టినదే. అసలైన పాతదనం ఉన్నది బయటి ఇసుకరాతి గోడల్లో, ఆ ఇంటి ఆకారంలో, పొందికలో. ఆ రాళ్లను గనుల్లో తవ్వినవాళ్లలో బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లున్నారు, చెక్కినవాళ్లలో స్కాట్లండ్ నుంచి వచ్చిన శిల్పులున్నారు. 1814 మంటల మసి కొన్ని రాళ్ల మీద ఇప్పటికీ రంగు వేయకుండా వదిలిపెట్టారు. పోతే మళ్లీ తెచ్చుకోలేనివి ఇలాంటివి.

అందుకే ఏ పాత భవనం విషయంలోనైనా ముందు మూడు రకాలుగా విడదీసుకోవాలి. ఎన్ని డబ్బులు పోసినా తిరిగి రానివి మొదటి రకం. తర్వాత చేర్చినవైనా వాటికంటూ ఒక చరిత్ర సంపాదించుకున్నవి రెండోది. ఎవరో ఒకరి సౌకర్యం కోసం వేసిన రేకుల షెడ్లు, పార్టిషన్లు, ఏసీ డక్టులు మూడోది. ఈస్ట్ వింగ్ రెండో రకంలోకి వస్తుంది. అధ్యక్షుల భార్యలకు ఆఫీసు అక్కడే ఉండేది, 1977లో రోజలిన్ కార్టర్ మొదలుపెట్టిన పద్ధతి అది. వైట్‌హౌస్ చూడటానికి వచ్చే మామూలు జనం లోపలికి వెళ్లేది ఆ గుమ్మం నుంచే. కాబట్టి అది పోవడం చిన్న నష్టమేమీ కాదు. కానీ 1792 గోడలు పోవడంతో సమానం కూడా కాదు. ఈ తేడా చూడకుండా మాట్లాడితే ఏ వాదనా నిలబడదు.

మొదటి దారి: మరమ్మతు చేసి, ఉన్నట్టే ఉంచడం

అందరికీ నచ్చేది ఇదే. పైకప్పు కారకుండా చూడటం, వైరింగ్, ప్లంబింగ్ మార్చడం, రాయిని, సున్నాన్ని అదే పదార్థంతో సరిచేయడం. ఇంటి మీద జరిగే పని పెద్దగా పెరగనంత కాలం ఇదే సరైన దారి.

మన దగ్గర ఈ దారిలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. డంగు సున్నంతో కట్టిన గోడకు పెచ్చులూడితే పైన సిమెంటు పూసేస్తారు. పాత గోడ తేమను పీల్చుకుని వదులుతూ ఉంటుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే ఆపేస్తుంది. కొన్నేళ్లకు ఉప్పు పేరుకుని గోడ ఇంకా తొందరగా రాలుతుంది. బిల్లులో దాన్ని పరిరక్షణ అని రాస్తారు, జరిగేది మాత్రం గోడకు చేటు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగి, అప్పటివరకు వాన నీళ్లు లోపలికి రాకుండా మాత్రం చూసుకోవడం మేలు.

ఈ దారికి ఉన్న అసలైన ఇబ్బంది వైట్‌హౌస్‌లో స్పష్టంగా కనబడుతుంది. లోపల అతి పెద్దదైన ఈస్ట్ రూమ్‌లో రెండొందల మందికి అటూఇటూగా మాత్రమే కూర్చోబెట్టి భోజనం పెట్టగలరు. 2009 నవంబరులో ఒబామా తన తొలి అధికారిక విందు మన్మోహన్ సింగ్ గౌరవార్థం ఇచ్చినప్పుడు దక్షిణం వైపు పచ్చికలో టెంటు వేయాల్సి వచ్చింది. 2023 జూన్‌లో మోదీకి బైడెన్ ఇచ్చిన విందు కూడా పచ్చికలో వేసిన టెంటులోనే. విందు మందిరం కావాలన్నవాళ్లు చెప్పే అవసరం కల్పించింది కాదు. ఆ అవసరాన్ని ఒప్పుకున్నాకే మిగిలిన చర్చ జరగాలి.

రెండో దారి: గోడలు ఉంచి, లోపల తిరగ కట్టడం

1948లో అధ్యక్షుడు ట్రూమన్ కూతురి పియానో కాలు ఒకటి నేలలోంచి దిగబడింది. ఇంజనీర్లు వచ్చి చూస్తే ఇల్లు ఎప్పుడు కూలుతుందో తెలియని స్థితిలో ఉంది. ట్రూమన్ కుటుంబం ఆ ఏడాదే రోడ్డుకు అవతల ఉన్న బ్లెయిర్ హౌస్‌కి మారింది.

ఎందుకు అంత దూరం వచ్చింది? ఇక్కడే విస్తరణ గురించి నేర్చుకోవాల్సిన పెద్ద పాఠం ఉంది. 1902లో భోజనాల గదిని పెద్దది చేయడానికి లోపలి బరువు మోసే గోడల్లో మార్పులు చేశారు. 1927లో పైన ఉక్కు, కాంక్రీటుతో మూడో అంతస్తు వేశారు. పాత ఇంటి పునాది చూడకుండా మేడ వేసినట్టే జరిగింది. మధ్యలో పైపులు, వైర్లు, లిఫ్టు కోసం దూలాలకు ఎక్కడపడితే అక్కడ కోతలు పెట్టారు. ఒక్కో మార్పూ ఆ రోజుకు చిన్నదే, అవసరమైనదే. బిల్లు మొత్తం ఇరవై ఏళ్ల తర్వాత ఒకేసారి వచ్చింది.

అప్పుడు పార్లమెంటు సభ్యులతో, నిపుణులతో ఒక కమిషన్ వేశారు. మొత్తం కూల్చి కొత్తగా కట్టే ఆలోచన కూడా వాళ్ల ముందుకొచ్చింది. చివరికి బయటి గోడలు మాత్రం ఉంచి లోపల అంతా తీసేయాలని తేల్చారు. గోడల కింద గట్టి నేల తగిలేదాకా తవ్వి కాంక్రీటు దిమ్మెలు పోసి, గోడల బరువును వాటి మీదికి మార్చారు. లోపల ఉక్కు చట్రం నిలబెట్టారు. బుల్డోజరు లోపలికి పోవాలంటే గోడకు పెద్ద కంత పెట్టాలని అడిగితే ట్రూమన్ ఒప్పుకోలేదు. బుల్డోజరును విడిభాగాలు చేసి లోపలికి తీసుకెళ్లి బిగించారు. అధ్యక్షుడు 1952 మార్చి 27న తిరిగి ఇంట్లో అడుగుపెట్టారు.

ఆ గోడల పట్ల చూపిన శ్రద్ధ నాకు గొప్పగా అనిపిస్తుంది. కానీ అదే పనిలో లోపలి పాత చెక్కపని, గార అలంకారాలు చాలావరకు పోయాయి. తీసి దాచి మళ్లీ బిగిస్తామన్నవి అన్నీ తిరిగి రాలేదు. కొన్ని ముక్కలు జ్ఞాపికలుగా జనానికి అమ్మారు, చాలా శిథిలం పూడికకు పోయింది. ఈ దారిలో వెళ్లేవాళ్లు తీసే ప్రతి ముక్కకూ నంబరు వేసి, ఎక్కడికి తిరిగి వెళ్తుందో ముందే రాసుకోకపోతే ఇదే జరుగుతుంది.

లండన్‌లో బ్రిటన్ ప్రధాని నివాసం 10 డౌనింగ్ స్ట్రీట్ కథ కూడా దగ్గరదగ్గరగా ఇలాగే ఉంటుంది. పదిహేడో శతాబ్దం చివర్లో లాభం కోసం చౌకగా, మెత్తటి నేల మీద లోతులేని పునాదులతో కట్టిన ఇళ్లవి. 1960 నుంచి 1963 వరకు రేమండ్ ఎరిత్ అనే ఆర్కిటెక్టు పర్యవేక్షణలో చాలాభాగం తిరగ కట్టారు. ప్రధాని మెక్‌మిలన్ ఆ కాలమంతా అడ్మిరల్టీ హౌస్‌లో ఉన్నారు. ముందు గోడ కడిగితే అసలు ఇటుక పసుపు రంగుదని బయటపడింది. రెండు శతాబ్దాల పొగ పట్టి నల్లబడిందన్నమాట. అయినా జనం మనసులో ఉన్నది నల్ల గోడే కాబట్టి నలుపే వేశారు. పుట్టినప్పటి రూపాన్ని కాపాడాలా, జనం గుర్తుపట్టే రూపాన్ని కాపాడాలా అన్న ప్రశ్నకు వాళ్లు ఇచ్చిన జవాబు అది. నేనైతే ఒప్పుకుంటాను. అధికార నివాసం అంటే ఒక దేశపు జనం గుర్తుపెట్టుకున్న ముఖం కూడా.

ఖర్చు, కాలం రెండూ ఎక్కువ పట్టే దారి ఇది. పునాది కుంగినప్పుడు, దూలాలు తినిపోయినప్పుడు మాత్రమే దీన్ని ఎంచుకోవాలి. హంగుల కోసం ఈ దారి పట్టకూడదు. పాలకుడు రెండు మూడేళ్లు వేరే ఇంట్లో ఉండాలన్నది మరో భారం. ట్రూమన్ బ్లెయిర్ హౌస్‌లో ఉండగానే 1950 నవంబరులో ఆయన మీద హత్యాయత్నం జరిగింది. కాపలాదారు లెస్లీ కాఫెల్ట్ ప్రాణాలు పోయాయి. తాత్కాలిక ఇంటి భద్రత కూడా లెక్కలోకి రావాలి.

మూడో దారి: పక్కన కలిపి పెంచడం

వైట్‌హౌస్‌ను పెంచాలన్న ఆలోచన కొత్తది కాదు. బెంజమిన్ హారిసన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన భార్య కరొలైన్, ఫ్రెడరిక్ ఓవెన్ అనే ఇంజనీరుతో పెద్ద ప్లాన్ గీయించారు. పాత ఇంటికి అటూ ఇటూ దాదాపు అంతంత భవనాలు కట్టి మధ్యలో చతురస్రంగా ఆవరణ వచ్చే ప్లాన్ అది. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, డబ్బివ్వలేదు. 1900లో వందేళ్ల పండుగకు సైనిక ఇంజనీరు బింగమ్ ఇంకో నమూనా తెచ్చారు. పాత ఇల్లు వాటి మధ్య నలిగిపోతుందని ఆర్కిటెక్టులు గట్టిగా వ్యతిరేకించారు. అదీ ఆగింది.

రెండేళ్లకు, 1902లో థియొడోర్ రూజ్‌వెల్ట్ హయాంలో వెస్ట్ వింగ్ వచ్చింది. ఇది ఎందుకు నిలిచింది? మెకిమ్ అనే ఆర్కిటెక్టు ఆఫీసులను ముఖ్య భవనంలోంచి తీసి, పొట్టిగా, కాస్త దూరంగా, పాత వసారా చివర పెట్టారు. ఉత్తరం నుంచి చూసినా దక్షిణం నుంచి చూసినా పెద్దిల్లే పెద్దిల్లుగా కనబడుతుంది. మొదట్లో దాన్ని తాత్కాలిక కట్టడమనే చెప్పారు. అప్పుడూ కూల్చివేత జరిగింది, పడమటి వైపున్న పెద్ద గాజు తోటలను తీసేశారు. వాటిని ఇష్టపడినవాళ్లు బాధపడ్డారు. కానీ దానివల్ల హోబన్ కట్టిన ఇల్లు తిరిగి బయటపడింది. కూల్చివేత అన్న ఒక్క మాటతో మంచీచెడూ తేలవని ఇందుకే అంటున్నాను. కూల్చాక పాత ఇల్లు ఇంకా బాగా కనిపిస్తోందా, మరుగున పడుతోందా అన్నది చూడాలి.

ఈ కొలతతో 2025 ప్లాన్‌ను చూడండి. ముఖ్య భవనం సుమారు 55,000 చదరపు అడుగులు. కొత్త కట్టడం 90,000 అన్నారు. చేరిక అసలుకంటే పెద్దది. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఎత్తి చూపింది కూడా ఈ అంకెలనే. ఖర్చు మొదట 20 కోట్ల డాలర్లన్నారు, డిసెంబరుకు అది 40 కోట్లకు చేరింది. పట్టే మనుషుల సంఖ్య 650 నుంచి వెయ్యి దాకా పోయింది. డబ్బు ప్రభుత్వానిది కాదు, దాతలదని చెప్పారు. దాతల డబ్బు అయినంత మాత్రాన ఇల్లు దాతలది కాదు కదా. డిసెంబరులో ట్రస్ట్ కోర్టుకెక్కింది.

హైదరాబాద్ కోఠీలోని రెసిడెన్సీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్, అయిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ తన భవనం, తోటల నక్షాను పెద్ద కాగితం మీద గీయించి నిజాం అలీఖాన్‌కు చూపిస్తే ఆయన కుదరదన్నారట. అదే నక్షాను చిన్న కార్డు మీద గీయించి తీసుకెళ్తే వెంటనే ఒప్పుకున్నారట. విస్తరణ ప్లాన్ చూసేటప్పుడు ఈ కథ గుర్తుంచుకోవాలి. కొత్త భవనాన్ని ఒంటరిగా, చెట్ల మధ్య, అందమైన కోణంలో చూపించే రంగుల బొమ్మలు మనకు ఏమీ చెప్పవు. పాతదీ కొత్తదీ ఒకే స్కేలులో పక్కపక్కన గీసిన ముఖచిత్రం అడగండి. రోడ్డు మీద నిలబడిన మనిషి కంటి ఎత్తు నుంచి గీసింది అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అనుమానించండి.

నాకు తోచిన కొలతలు ఇవి. చేరిక ఎత్తు పాత భవనం చూరు దాటకూడదు. వైశాల్యంలో పాతదానికి సగం మించితే, అదే ఆవరణలో విడిగా కట్టే దారి వెతకాలి. పాత గోడకు కలిసేచోట సన్నటి దారి, అదీ రేపు ఎవరైనా విప్పగలిగేలా ఉండాలి. 1927 మూడో అంతస్తు లాగా పాత గోడల మీద కొత్త బరువు పడనివ్వకూడదు. పాతదాన్ని అచ్చంగా అనుకరించాలా, కొత్తదిగా కనిపించాలా అన్న వాదన ఆర్కిటెక్టులకు చాలా ఇష్టం. సైజు సరిగ్గా ఉంటే రెండూ బతుకుతాయి, సైజు తప్పితే రెండూ చెడతాయి.

నాలుగో దారి: ఇంటిని వదిలి, పనిని తరలించడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. చర్చల్లో అన్నిటికంటే తక్కువగా వినిపించేది కూడా ఇదే.

ఢిల్లీలో ప్రధాని నివాసానికి విందు మందిరం అనుబంధంగా కట్టాలని ఎవరూ పెద్దగా గొడవ చేయరు. ఎందుకంటే ఇండియా గేట్ దగ్గర హైదరాబాద్ హౌస్ ఉంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కోసం ఆర్కిటెక్టు లుటియెన్స్ గీసిన భవనం అది. ఇప్పుడు విదేశీ నాయకులతో ప్రధాని చర్చలు, విందులు జరిగేది అక్కడే. ఒక పాత రాజభవనానికి గౌరవమైన పని దొరికింది, ప్రధాని ఇంటి మీద ఒత్తిడి తగ్గింది. రెండు సమస్యలకు ఒకటే పరిష్కారం.

జపాన్ ఇంకో రకంగా చేసింది. ప్రధాని కార్యాలయ భవనం కాన్‌తేయ్ 1929లో కట్టింది. అందులో చోటు చాలక, పక్కనే కొత్త భవనం కట్టి 2002లో అందులోకి మారారు. పాతదాన్ని కూల్చలేదు. మొత్తం భవనాన్ని పట్టాల మీద యాభై మీటర్లదాకా జరిపి, బాగుచేసి, 2005 నుంచి ప్రధాని నివాసంగా వాడుతున్నారు. 1932లో ప్రధాని ఇనుకాయ్‌ని సైనికాధికారులు కాల్చి చంపిన ఘటన, 1936 తిరుగుబాటు, ఇవన్నీ ఆ చోటుతో ముడిపడినవే. అలాంటి భవనాన్ని ఉంచుకోవాలంటే దాని మీద ఆఫీసు బరువు తీసేయాలని వాళ్లు గ్రహించారు.

దీనికీ లోటు ఉంది. స్థలం దగ్గర్లో ఉండాలి. రెండు భవనాల నిర్వహణ, రెండు చోట్ల భద్రత భరించాలి. అతిథిని పాత ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టడంలో ఉన్న గౌరవం కొత్త హాల్లో రాదని అనేవాళ్ల మాటా కొట్టిపారేయలేం. అందుకే చిన్న విందులు పాత ఇంట్లో, పెద్దవి వేరేచోట అని విడగొట్టుకోవచ్చు.

ఐదో దారి: జనానికి తెరవడం

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుకు రెండు ఇళ్లుండేవి. నగరంలో కోఠీ రెసిడెన్సీ, ఊరి బయట బొల్లారంలో విడిది. ఒకే పదవికి చెందిన ఈ రెండు ఇళ్లూ రెండు వేర్వేరు దారుల్లో వెళ్లాయి, రెండింటి నుంచీ నేర్చుకోవచ్చు.

కోఠీ భవనం 1803 ప్రాంతంలో మొదలైంది. వైట్‌హౌస్ తరం నాటిదే, రూపంలోనూ అదే ధోరణి. ఎత్తయిన స్తంభాల మంటపం, మెట్లకు రెండు వైపులా సింహాలు. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. 1949లో మహిళా కళాశాలకు ఇచ్చారు. తరాల ఆడపిల్లలు అందులో చదువుకున్నారు. గవర్నరు జనరల్ బొమ్మలుండాల్సిన గదుల్లో అమ్మాయిలు పాఠాలు విన్నారు, పాత భవనానికి అంతకంటే మంచి పని ఏముంటుంది. కానీ కాలేజీ అవసరాలు తీర్చే స్తోమత ఆ గోడలకు లేదు, గోడల అవసరాలు తీర్చే స్తోమత కాలేజీకి లేదు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. చాలా ఏళ్లకు గానీ మరమ్మతు పూర్తికాలేదు.

బొల్లారం ఇల్లు రాష్ట్రపతి నిలయం అయింది. ఒకే అంతస్తు, చుట్టూ విశాలమైన తోట. దాన్ని పెంచి పెద్ద భవంతి చేయాలని ఎవరూ అనుకోలేదు. రాష్ట్రపతి దక్షిణాది విడిదికి వచ్చినప్పుడు నివాసం, మిగతా కాలమంతా ఖాళీ. 2023 మార్చి నుంచి రాష్ట్రపతి లేని రోజుల్లో జనం చూడటానికి తెరిచారు. వంటశాల నుంచి భోజనాల గదికి వెళ్లే సొరంగంలో చేర్యాల బొమ్మలు వేయించారు. పదవి కోసం ఉంచుకుంటూనే జనానికీ తెరవడం సాధ్యమేనని ఈ ఇల్లు చూపిస్తోంది. జనం వచ్చిపోతుంటే నిర్వహణ కూడా సాగుతుంది, ఎందుకంటే పెచ్చులూడితే నలుగురూ చూస్తారు.

ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ పూర్తిగా మ్యూజియం అయింది, నెహ్రూ 1964లో కన్నుమూశాక. ఆ దారి కొన్నిటికే. ప్రతి పాత బంగళానూ మ్యూజియం చేస్తే చూడటానికి జనం, నడపడానికి డబ్బు రెండూ చాలవు.

ఎంచుకోకూడనిది: ఏదీ తేల్చకపోవడం

కెనడా ప్రధాని అధికార నివాసం ఒట్టావాలోని 24 ససెక్స్ డ్రైవ్. 1860లలో ఒక కలప వ్యాపారి కట్టుకున్న ఇల్లు, 1951 నుంచి ప్రధానుల నివాసం. 2008లో ఆడిటర్ జనరల్ దీని మరమ్మతుకు దాదాపు కోటి డాలర్లు కావాలని, ఇంటిని ఏడాది పైగా ఖాళీ చేయాలని చెప్పారు. ఎవరూ కదల్లేదు. సొంత ఇంటికి ప్రజల డబ్బు ఖర్చుపెట్టుకున్నాడన్న మాట పడటానికి ఏ ప్రధానీ సిద్ధంగా లేడు. 2015లో ట్రూడో అందులో కాపురం పెట్టకుండా గవర్నర్ జనరల్ ఆవరణలోని రిడో కాటేజీలో ఉన్నారు. 2021కి మరమ్మతు అంచనా 3 కోట్ల 66 లక్షల డాలర్లయింది. 2022లో ఎలుకలు, ఆస్బెస్టాస్, పాత వైరింగ్ కారణంగా ఇంటికి తాళం వేశారు. తర్వాత వచ్చిన కార్నీ కూడా రిడో కాటేజీలోనే దిగారు.

ట్రంప్ చేసింది తొందరపాటు అంటే, ఒట్టావాలో జరిగింది దానికి అవతలి కొస. ఇల్లు ఎవరూ కూల్చలేదు, అయినా పోతోంది. ఈ రెండింటికీ వేరు ఒకటే. అందులో ఉండే మనిషే ఆ ఇంటి గురించి నిర్ణయించాల్సి రావడం. ఒకరు తనకు నచ్చింది చేసేస్తారు, ఇంకొకరు మాట పడతామని భయపడి ఏమీ చేయరు. ట్రూమన్ కాలంలో పని సవ్యంగా సాగిందంటే కారణం నిర్ణయం కమిషన్ చేతిలో, డబ్బు కాంగ్రెస్ చేతిలో ఉండటమే. అమెరికాలో 1966 నాటి పరిరక్షణ చట్టం వైట్‌హౌస్‌కి మినహాయింపు ఇచ్చింది. దేశంలో అందరికంటే ఎక్కువ పరిశీలన జరగాల్సిన ఇంటికే పరిశీలన తప్పనిసరి కాకుండా పోయింది. హైదరాబాద్‌లోని పాత నవాబు భవనం ఎర్రమంజిల్ పాలకుల అధికార నివాసం కాకపోయినా దాన్ని గుర్తు చేసుకోవాలి. 2019లో దాని స్థానంలో కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, జనం కోర్టుకు వెళ్లారు, సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కూల్చకముందే కోర్టుకు వెళ్లారు కాబట్టి ఆ భవనం ఈ రోజు ఉంది.

మీ ముందున్న భవనానికి ఏ దారి?

పునాది, దూలాలు దెబ్బతిన్నాయని ఇంజనీరు రాతపూర్వకంగా చెప్తే రెండో దారి. నిర్మాణం గట్టిగా ఉండి, ఏడాదిలో కొద్ది రోజులే చోటు చాలకపోతే నాలుగో దారి. ఆ కొద్ది రోజులకు టెంటు కూడా సిగ్గుపడాల్సినది కాదు. రోజూ చోటు చాలకపోతే, కొత్తది చిన్నగా, పొట్టిగా వస్తుందంటే మూడో దారి. పదవికే ఇక ఆ ఇంటితో పని లేకపోతే ఐదోది. వీటిలో ఏదీ తేలే వరకు మొదటిది నడుస్తూనే ఉండాలి, వాన కారనీయకుండా.

వైట్‌హౌస్ విషయంలో నన్నడిగితే పెద్ద విందు మందిరం కావాలన్నది ఒప్పుకుంటాను, ముఖ్య భవనాన్ని మించిన చేరికను ఒప్పుకోను. ప్లాన్ ఆమోదం పొందకుండా కూల్చివేత మొదలుపెట్టడాన్ని అసలే ఒప్పుకోను. ఒట్టావాలో అయితే పాత ఇంటిని అతిథి విందులకు బాగుచేసి, ప్రధాని కుటుంబానికి వేరే ఇల్లు కట్టడం మేలు.

మన జిల్లాల్లో పాత బంగళాల దగ్గరికి వస్తే, చాలావాటికి కొలతలతో గీసిన నక్షా కూడా ఉండదు. కొత్త క్యాంపు ఆఫీసు, కొత్త బ్లాకు అన్న మాట వచ్చిన రోజు నుంచి అందరూ ఖర్చు గురించే మాట్లాడతారు. అంతకుముందే చేయాల్సినవి రెండున్నాయి. దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీ విద్యార్థులతో ప్రతి గది, ప్రతి తలుపు కొలిపించి గీయించండి, ఫొటోలు తీయించండి. ఎప్పుడు ఏ భాగం చేర్చారో పాత ఆర్ అండ్ బీ ఫైళ్లలో, రిటైరైన ఉద్యోగుల జ్ఞాపకాల్లో వెతికించండి. ఆ నక్షా చేతిలో ఉంటేనే ఏది తీసినా పర్వాలేదో, దేని జోలికి పోకూడదో పేరుపేరునా చెప్పగలరు. ఫైలు మీద సంతకం పడకముందు కలెక్టరు టేబుల్ మీద అది ఉండేలా చూడండి.